రాజ్‌మా ఉడికిందా వదినా!

ఉత్తరాది వాళ్ల ఆదివారం భోజనం విశాఖపట్నం వంటిళ్లలోకి వచ్చి చాలా కాలమే అయింది. కానీ అందరి చేతికీ ఒకేలా లొంగలేదు. పూర్ణా మార్కెట్‌లో కొన్న అవే ఎర్రగింజలు ఒకరింట్లో వెన్నలా ఉడుకుతాయి. పక్కింట్లో పది కూతలు వచ్చినా పంటికింద రాళ్లే! తేడా ఎక్కడుంది?

పూర్ణా మార్కెట్‌లో పచారీ కొట్ల ముందు గోనెసంచుల మూతులు మడిచి వరసగా నిలబెడతారు. కందిపప్పు, మినుములు, బొబ్బర్లు, ఉలవలు... వాటి సరసనే రాజ్‌మా. ఒక సంచిలో ముదురెరుపు గింజలు, ఇంకోదాంట్లో లేతరంగు మీద ఎర్రటి చారలున్న ‘చిత్రా’ రకం. వచ్చినవాళ్లు పిడికెడు తీసి, అరచేతిలో అటూ ఇటూ దొర్లించి అడిగే మాట ఒకటే... ‘‘కొత్తవేనా?’’

‘‘కొత్తవేనమ్మా, మొన్ననే దిగాయి’’ అంటాడు కొట్టతను. అందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. దిగింది మొన్నే కావచ్చు. కానీ పండింది ఎప్పుడు? ఆదివారం మధ్యాహ్నం కుక్కర్ మూత తీసేటప్పుడు ముఖం వికసించాలా, వాడిపోవాలా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది.

రాజ్‌మాకి జనం నోట నలిగిన తెలుగు పేరంటూ లేదు. ‘ఎర్ర చిక్కుడు గింజలు’ అని చెప్పి అర్థమయ్యేలా చేయడమే తప్ప, కొట్టుకెళ్లి అలా అడిగేవాళ్లు అరుదు. పేరుతో సహా అరువు తెచ్చుకున్న సరుకు ఇది. విశాఖకు ఆ అరువు ఎలా వచ్చిందో ఊహించడం కష్టమేమీ కాదు. 1933లో పోర్టు మొదలైంది. 1941లో షిప్‌యార్డు. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడ ఏర్పడింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. వీటన్నిటితో పాటు పంజాబు నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, బీహారు నుంచి కుటుంబాలు బదిలీల మీద వచ్చాయి. క్వార్టర్లలో గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు. ఈ గిన్నెలో గోంగూర పచ్చడి అటు వెళ్తే, ఆ గిన్నెలో రాజ్‌మా ఇటు వచ్చేది. భాభీజీ ఇచ్చిన కూర పిల్లలకి నచ్చింది. ‘‘మనమూ చేద్దాం’’ అనుకుని మార్కెట్‌కి బయల్దేరిన ఇల్లాళ్లకే అసలు కథ మొదలైంది.

బొబ్బర్లు వండిన చేత్తోనే...

బొబ్బర్లు, అనపగింజలు, ఉలవలు, శనగలు... గింజలు వండటం మనకి కొత్తా? కాదు. ఇబ్బంది వచ్చిందే అక్కడ. బొబ్బర్లయితే ఒక్క గంట నానినా, అసలు నానకపోయినా ఎలాగోలా ఉడుకుతాయి. ఆ ధైర్యంతోనే రాజ్‌మానీ మొదలుపెడతారు. ఆదివారం పొద్దున్న టిఫిన్లు అయ్యాక గుర్తొస్తుంది. వేడినీళ్లలో గంటసేపు నానబెడితే చాలులే అనుకుంటారు. కుక్కర్లో గింజలతో పాటు టమోటాలు, ఉప్పు, కారం, నిమ్మకాయంత చింతపండు పులుసు అన్నీ ఒక్కసారే పడేస్తారు. నాలుగు కూతలు... ఉడకలేదు. ఇంకో నాలుగు... ఊహూఁ. తొక్క ఊడి పైకి తేలుతుంది, లోపలి పప్పు మాత్రం పలుకు. అప్పటికి ఒంటిగంటన్నర. పిల్లలు పళ్లేల ముందు కూర్చుని ఉంటారు. ఇంకేముంది! చిటికెడు అనుకుని చెంచాడు సోడా ఉప్పు వేస్తారు. ఈసారి మొత్తం గుజ్జయిపోయి, నోట్లో పెట్టుకుంటే సబ్బు వాసన!

ఈ ఊళ్లో రాజ్‌మా వండిన ఏ నలుగురిని కదిపినా కొద్ది తేడాతో ఇదే అనుభవం. ‘‘మా కుక్కర్ మంచిది కాదేమో’’ అని కుక్కర్ని తిట్టుకునేవాళ్లు, ‘‘వాళ్ల చేతిలో ఏదో ఉంది’’ అని పక్కింటివాళ్లని మెచ్చుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి చేతిలో ఏ మంత్రమూ లేదు. ఉన్నదల్లా మూడు సంగతులు... గింజ వయసు, రాత్రి నానడం, పులుపు ఎప్పుడు వేశారన్నది.

పులుపు సంగతే ముందు చూద్దాం, ఎందుకంటే అది మన అలవాటుకి సంబంధించింది. గింజలోని కణాలని ఒకదానికొకటి అంటించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడికి అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. చింతపండు, టమోటా, మామిడికాయ... ఏ పులుపు తగిలినా పెక్టిన్ కరగనని మొండికేస్తుంది. బెల్లం కూడా కొంతవరకు ఇదే పని చేస్తుంది. కాబట్టి తీపీ పులుపూ కలిసిన పులుసులా చేద్దామనుకునేవాళ్లు గింజ పూర్తిగా మెత్తబడ్డాకే ఆ రెండూ వేయాలి. కందిపప్పులో చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని మన అమ్మమ్మలు చెప్పింది ఇదే. అక్కడ పాటించిన నియమాన్ని రాజ్‌మా దగ్గరకొచ్చేసరికి మర్చిపోతున్నాం, అంతే.

ఉప్పు మీద మాత్రం పాపం లేనిపోని నింద పడింది. ఉప్పు ముందే వేస్తే గింజ ఉడకదన్నది చాలా ఇళ్లలో వేదవాక్కు. జరిగేది దానికి తిరకాసు. నానబెట్టే నీళ్లలోనే లీటరుకి రెండు మూడు చెంచాల ఉప్పు కలిపితే తొక్క ఇంకా మెత్తగా వస్తుంది. ఉప్పులోని సోడియం, తొక్కని గట్టిగా పట్టి ఉంచే కాల్షియాన్ని పక్కకి నెడుతుంది. చేటు చేసేది ఉప్పు కాదు, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న చవుడు నీళ్లు. అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లతో వండేవాళ్లు ఒక్కసారి మంచినీళ్లతో నానబెట్టి, మంచినీళ్లతోనే ఉడికించి చూస్తే తేడా తెలిసిపోతుంది. సోడా ఉప్పు వేస్తే మెత్తబడేమాట నిజమే. కానీ రుచి చెడుతుంది, గింజలోని బి1 విటమిన్ కూడా దెబ్బతింటుంది.

సముద్రపు గాలి చేసే పని

ఇక గింజ వయసు. రాజ్‌మా బియ్యం లాంటిది కాదు, పాతబడేకొద్దీ మేలు అనుకోవడానికి. వేడి, తేమ... ఈ రెండూ ఉన్నచోట నెలల తరబడి నిల్వ ఉంటే గింజ లోపలే మార్పు మొదలవుతుంది. ఫాస్ఫరస్‌తో ముడిపడి ఉన్న కాల్షియం, మెగ్నీషియం విడివడి వెళ్లి పెక్టిన్‌ని పట్టుకుంటాయి. అలా బిగుసుకుపోయిన గింజ ఎన్ని గంటలు నానినా, ఎన్ని కూతలొచ్చినా లొంగదు. వేడీ తేమా అంటే మన విశాఖపట్నమే కదా! ఎండాకాలంలో చొక్కా ఆరని ఊరు. ఢిల్లీలోనో, జమ్మూలోనో డబ్బాలో ఏడాది పాటు చక్కగా ఉన్న గింజ ఇక్కడి అలమరలో రెండు వానాకాలాలు గడిపితే మొరాయించడంలో వింత లేదు. అందుకే మార్కెట్‌లో చవగ్గా వచ్చిందని ఐదు కిలోలు తెచ్చి దాచుకోవడం తెలివైన బేరం కాదు. అరకిలో, కిలో చొప్పున తెచ్చుకుని, గాలి చొరని డబ్బాలో పోసి, రెండు మూడు నెలల్లో వాడేయడమే మేలు.

కొనేటప్పుడు ఎలా గుర్తుపట్టాలి? కొత్త గింజ నిగనిగలాడుతుంది, తొక్క మీద ముడతలుండవు. పాతదానికి రంగు మసకబారి నల్లబడుతుంది. సంచి అడుగున పిండి రాలుతున్నా, గింజకి సూదిబెజ్జం లాంటి పుచ్చు కనిపించినా పక్కన పెట్టేయొచ్చు. రెండు రకాలు కలిసిన సంచి అయితే అసలొద్దు. ఒకటి ఉడికేసరికి ఇంకోటి చితికిపోతుంది. నానబెట్టాక కూడా ఒక పరీక్ష ఉంది. ఎనిమిది గంటలయ్యాక గింజలన్నీ రెట్టింపు ఉబ్బాలి. ఉబ్బకుండా గట్టిగా ఉండిపోయినవి పదో పాతికో కనిపిస్తాయి. వాటిని ఏరి పారేయడమే. అవి ఉడకవు.

విశాఖవాసులకి ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. అది తెలిసినవాళ్లు తక్కువ. నర్సీపట్నం దాటి ఘాటెక్కితే లంబసింగి, చింతపల్లి, గూడెంకొత్తవీధి... మన్యంలో రాజ్‌మా ఎప్పటినుంచో గిరిజన రైతుల వాణిజ్య పంట. ఈ పంటకి చల్లదనం కావాలి. మైదానంలో చెమటలు కారే రోజుల్లోనూ ఆ కొండల మీద ఆ చల్లదనం దొరుకుతుంది. వానలు తగ్గుముఖం పట్టే వేళ విత్తుతారు, చలికాలంలో కోస్తారు. కళ్లాల్లో ఎండాక వారపు సంతలకి వస్తాయి. సంతల్లో వ్యాపారులు కొని మైదానానికి దించుతారు. 1956లో ఏర్పడి విశాఖపట్నమే కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కూడా మిరియాలు, పసుపు, కాఫీలతో పాటు రాజ్‌మానీ గిరిజనుల దగ్గర కొన్నది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఆ మన్యమంతా విశాఖ జిల్లాయే. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా. జిల్లా మారినా దారి మారలేదు.

అంటే ఏమిటన్నమాట? ‘నార్త్ ఇండియా సరుకు’ అని మనం పిలిచే గింజ మన పక్క కొండల మీదే పండుతోంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మార్కెట్‌కి వెళ్లినప్పుడు ‘‘కొత్తవేనా’’ అని కాకుండా ‘‘ఏజెన్సీ గింజలున్నాయా, ఈ ఏడాది పంటేనా’’ అని అడిగి చూడండి. ప్రశ్న మారితే జవాబూ మారుతుంది. ఆ నెలల్లో దొరికే గింజ ఉడకడానికి పెద్దగా బతిమాలించుకోదు.

ఉడకకపోతే రుచి మాత్రమే పోదు

శనగలు కాస్త పలుకుగా ఉన్నా నమిలేస్తాం. రాజ్‌మా విషయంలో ఆ సర్దుబాటు పనికిరాదు. పచ్చి గింజలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ ఉంటుంది. ముదురెరుపు రకంలో ఇది మరీ ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా చాలు... ఒకటి నుంచి మూడు గంటల్లోపు వికారం, విపరీతమైన వాంతులు, ఆ తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. సాధారణంగా కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది కానీ పసిపిల్లలకీ పెద్దవాళ్లకీ ఒంట్లో నీరు పోవడం చిన్న విషయం కాదు. ‘‘రాజ్‌మా మాకు పడదండీ’’ అని శాశ్వతంగా మానేసినవాళ్లలో కొందరికి పడనిది గింజ కాకపోవచ్చు, ఆ రోజు మిగిలిన పలుకు కావచ్చు.

1976లో బ్రిటన్‌లో విహారానికి వెళ్లిన బడి పిల్లలు కొందరు నానబెట్టిన రాజ్‌మాని ఉడికించకుండానే తిని జబ్బుపడ్డారు. ఈ గింజల సంగతి వైద్యుల దృష్టికి వచ్చింది ఇలాంటి ఘటనలతోనే. 2006లో జపాన్‌లో జరిగింది ఇంకా విచిత్రం. బరువు తగ్గడానికి తెల్ల రాజ్‌మాని మూడు నిమిషాలు వేయించి, పొడిచేసి అన్నం మీద చల్లుకు తినమని ఓ టీవీ కార్యక్రమంలో చెప్పారు. నమ్మి చేసుకున్న వందలమంది వాంతులు, విరేచనాలతో బాధపడ్డారు. వేయిస్తే సరిపోదు, ఉడకాలి!

మరి ఎంతసేపు? నీళ్లు కళపెళా మరుగుతుండగా పది నిమిషాలు ఉడికితే ఆ విషం విరిగిపోతుంది. అమెరికా ఆహార ఔషధ సంస్థ ఇంకాస్త జాగ్రత్తగా, కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట మరిగించమంటుంది. ప్రెషర్ కుక్కర్లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి బాగా ఉడికిన గింజతో భయం లేదు. భయమల్లా విదేశాల్లో ఉన్న మన పిల్లల ‘స్లో కుక్కర్’తోనే. పొద్దున్న గింజలు పడేసి ఆఫీసుకెళ్లి సాయంత్రానికి తినే ఆ గిన్నెలో వేడి ఒక్కోసారి 80 డిగ్రీలు దాటదు. అంత తక్కువ వేడికి విషం తగ్గకపోగా, పచ్చి గింజలో కంటే ఐదు రెట్ల దాకా పెరగొచ్చు. అమెరికాలో చదువుకునే అబ్బాయికో అమ్మాయికో ఫోన్లో రాజ్‌మా చెప్పే తల్లులు ఈ ఒక్క ముక్క తప్పకుండా చెప్పాలి... ముందు పొయ్యి మీద మరిగించాకే అందులో వెయ్యమని. అక్కడ దొరికే డబ్బా రాజ్‌మాతో ఈ గొడవ లేదు, అది ఉడికించి మూతవేసిన సరుకే.

వండేదిలా...

నలుగురికి ఒక గ్లాసు, అంటే సుమారు 200 గ్రాముల గింజలు చాలు. శనివారం రాత్రి పడుకునేముందు కడిగి, మూడింతల నీళ్లు పోసి, ఉప్పు కలిపి వదిలేయాలి. ఎండాకాలంలో అయితే గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది. మన ఉక్కకి తెల్లారేసరికి నీళ్లు నురగకట్టి పులిసిపోతాయి. పొద్దున్న ఆ నీళ్లు పారబోయాలి. పోషకాలు పోతాయని దిగులొద్దు. కడుపు ఉబ్బరానికి కారణమయ్యే చక్కెరలు కూడా కొంత ఆ నీళ్లతోనే పోతాయి. గింజల మీద రెండంగుళాలు నిలిచేలా కొత్త నీళ్లు పోసి, మూత పెట్టకుండా పది నిమిషాలు మరగనిచ్చి, పైకొచ్చిన తెట్టు తీసేయాలి. అప్పుడు బిర్యానీ ఆకు, చెంచాడు నూనె వేసి మూత బిగించి, మొదటి కూత రాగానే మంట తగ్గించి ఇరవై నిమిషాలు. కూతలు లెక్కపెట్టుకోవడం కంటే గడియారం చూసుకోవడం నయం. ఒక్కో కుక్కర్ కూత ఒక్కో తీరు. ఆవిరి దానంతటదే పోయాక ఐదు గింజలు తీసి వేళ్లమధ్య నొక్కాలి. ఒక్కటి కాదు, ఐదు. అయిదూ చితికితే ఉడికినట్టు. ఒక్కటి పలుకున్నా మళ్లీ మూత పెట్టాల్సిందే.

మసాలాలో దాపరికమేమీ లేదు. సన్నగా తరిగిన ఉల్లిపాయలు ఎర్రగా వేగాలి, అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోవాలి, టమోటా గుజ్జు నూనె తేలేదాకా మగ్గాలి. జీలకర్ర, ధనియాల పొడి, కారం, చివర్లో కాస్త గరంమసాలా. అందులో గింజలు, అవి ఉడికిన నీళ్లతో సహా పోసి, ఓ గరిటెడు గింజల్ని పప్పుగుత్తితో మెదిపి కలిపితే చిక్కదనం వస్తుంది. ఇక సన్నని మంట మీద ఇరవై నిమిషాలు. మనవాళ్లు తొందరపడేది ఇక్కడే. ఈ ఇరవై నిమిషాలు ఇవ్వకపోతే గింజ వేరు, పులుసు వేరుగా ఉంటాయి.

దీనికి విశాఖ ఇళ్లు తమ సొంత మార్పులు చేసుకున్నాయి. కరివేపాకు, ఎండుమిర్చి పోపు పెట్టేవాళ్లున్నారు. కొబ్బరిపాలు పోసేవాళ్లున్నారు. చింతపండు లేకుండా తృప్తి కలగనివాళ్లు దించేముందు చెంచాడు పులుసు కలుపుతారు. పంజాబీ పొరుగువాళ్లు ముఖం చిట్లిస్తారేమో గానీ, అందులో తప్పేముంది? మసాలాలో పడే మిరపకాయ, టమోటా, ఆ మాటకొస్తే రాజ్‌మా గింజ... మూడూ అమెరికా ఖండాల్లో పుట్టి, 1492లో కొలంబస్ అటు వెళ్లాకే ప్రపంచానికి తెలిసినవి. ఎవరికీ తాతల నాటి హక్కు లేదు.

ఎర్రగింజలూ అన్నం కలిపి తినే రేవుపట్నం మనదొక్కటే కాదు మరి. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో సోమవారమొస్తే ఇళ్లలో ఇదే వంట. అక్కడ సోమవారం బట్టలుతుక్కునే రోజు. ఆదివారం మిగిలిన పంది మాంసపు ఎముకతో గింజలు పొయ్యి మీద పడేస్తే, ఉతుకుడు అయ్యేసరికి అవీ ఉడికేవి. ఆ ఊళ్లో పుట్టిన సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉత్తరాల చివర ఈ వంటకం పేరు కలిపి సంతకం చేసేవాడంటే దాని మీద ఎంత మమకారమో! మన దేశంలో అంత పేరు జమ్మూ-శ్రీనగర్ దారిలో ఉన్న పీడా అనే చిన్న ఊరిది. నెయ్యి కారేలా వడ్డించే రాజ్‌మా-చావల్ కోసమే అక్కడ బళ్లు ఆగుతాయి. ఆ కొండల్లో పండే భదర్వా రాజ్‌మాకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన్యం రాజ్‌మా సంగతి పట్టించుకునేవాళ్లెవరో!

అన్నం ఏదైతే బాగుంటుందన్నది ఇంకో చర్చ. బాస్మతీయే కావాలని పట్టుబట్టేవాళ్లుంటారు. సాంబమసూరి గానీ, శ్రీకాకుళం సన్నాలు గానీ పొడిపొడిగా వండితే ఏ లోటూ ఉండదు. చిక్కటి రాజ్‌మాని కలుపుకోవడానికి మన అన్నమే వాటంగా ఉంటుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ రాజ్‌మాలో దండిగా ఉంటుంది, రాజ్‌మాలో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. వంద గ్రాముల ఎండు గింజల్లో ఇరవై రెండు గ్రాములకు పైగా మాంసకృత్తులు, దానికి తోడు పీచు. షుగరున్నవాళ్లు అన్నం సగం తగ్గించి గింజ పెంచుకుంటే కడుపూ నిండుతుంది, రక్తంలో చక్కెరా ఒక్కసారిగా ఎగబాకదు. అయితే ఒక మాట. ఇంగ్లిషులో దీన్ని కిడ్నీ బీన్ అంటారు కదా అని కిడ్నీలకి మంచిదనుకునేవాళ్లున్నారు. ఆ పేరు ఆకారాన్ని బట్టి వచ్చిందే. ఇందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా తినకూడదు.

ఆదివారం వండింది సాయంత్రానికి ఇంకా చిక్కబడుతుంది, సోమవారానికి మసాలా గింజ లోపలిదాకా పడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు కావాలనే ఓ గిన్నెడు ఎక్కువ వండి ఫ్రిజ్‌లో పెడతారు. పొద్దున్న అరగ్లాసు వేణ్నీళ్లు పోసి మరిగిస్తే చాలు. ఏ షిఫ్టు క్యారియర్లోకైనా చపాతీలతో పాటు సర్దేయొచ్చు.